గింజల డబ్బాలు

డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించే మిషను దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేశాడు కాబట్టి ఆయన్ని అందరూ డబ్బాల మేస్త్రి అంటారు. ఫ్యాక్టరీ ఎత్తేసి మూడేళ్లయింది. ఈ వయసులో పనిచ్చేవాడు లేడు. ప్రతి గురువారం పొద్దున్నే, ఊరికే సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు వరసలో నిలబడతాడు.

ఆయన ముందు నడుము పట్టేసి స్టీరింగు వదిలేసిన బస్సు డ్రైవరు. వెనక, ఆసుపత్రిలో రెండు షిఫ్టులు చేసినా ముగ్గురు పిల్లలకు చాలక వచ్చే ఆయా. ఎవరు ఎక్కడినుంచి వచ్చినా సంచిలో తిండి ఒకటే: బియ్యం, నూడుల్స్, బిస్కెట్లు, పాకంలో పళ్ల ముక్కలు, రెండు డబ్బాల చిక్కుడు గింజలు. మేస్త్రి భార్యకు షుగరు. అందులో ఆమె భయపడకుండా తినేవి ఆ గింజలే. రెండు డబ్బాలనూ వారమంతా సర్దుకునేది.

ఆ గురువారం సంచి అందుకోగానే అలవాటుకొద్దీ ఆయన బొటనవేలు మూత అంచు చుట్టూ తిరిగింది. ఒకచోట గోరు దిగింది. రెండో డబ్బా కూడా అంతే. సంచులిచ్చే బల్ల మీది గింజల పెట్టెలోంచి మరో మూడు తీసి చూశాడు. అన్నిటికీ మూత అంచు మడత సరిగ్గా పడలేదు. అలాంటి సందులోంచి కంటికి కనపడని క్రిములు దూరతాయి. పైకి వాసన కూడా రాదు.

చెబితే పెట్టె మొత్తం పారేస్తారు. చెప్పకుండా తన రెండూ పారేసుకుని పోవచ్చు. కానీ వెనక ఆయా ఉంది.

"అమ్మా, ఈ గింజలు ఎవరికీ ఇవ్వకండి."

బల్ల దగ్గరి మేడం డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "బాగానే ఉందిగా?"

"చూడ్డానికి బాగానే ఉంటుందమ్మా. తింటేనే తెలుస్తుంది, అప్పటికి డాక్టరు దగ్గరుంటారు."

ఆమె పెట్టెను పక్కకు నెట్టింది. బదులుగా ఇవ్వడానికి బిస్కెట్లే ఉన్నాయి.

"వచ్చాడయ్యా ఇన్‌స్పెక్టరు! ఊరికే ఇచ్చేదానికి ఆరాలెందుకు బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

ఆయా మేస్త్రి వైపు చూడలేదు. "మా పిల్లలు మారాం చెయ్యకుండా తినేవి ఆ గింజలే," అని తనలో తనే అనుకుంది.

ఇంట్లో భార్య సంచి విప్పి, "గింజలేవండీ?" అంది. జరిగింది చెప్పాడు. "మంచి పనే చేశారు," అని తన కంచంలో సగం అన్నం ఆయనకు తోసేసింది.

"నువ్వేం తింటావు?"

"ఆకలి లేదులెండి."

మరుసటి వారం మేడం కుర్చీ వేసి సిద్ధంగా ఉంది. "అన్ని డబ్బాలూ మీరే ఒకసారి చూసిపెట్టండి మేస్త్రీ. మీ చేతిమీదుగా వెళ్తే మాకు ధైర్యం."

కాదనడానికి నోరు రాలేదు. సంచి ఇచ్చేది ఆమే. కూర్చుని ఒక్కొక్కటే తడిమాడు. మంచివి మేడం ముందుకు, మడత పడనివి కింద బుట్టలోకి. వరస మొత్తం ఆయన చేతివైపే చూస్తోంది.

"కాస్త చూసీచూడనట్టు పోనియ్యి బాబాయ్," అంది ఆయా, బతిమాలుతూ.

ఆయన చేతిలో ఉన్న డబ్బాను కూడా బుట్టలో వేశాడు. వెతికి, మంచివి రెండు తీసి ఆమె చేతికిచ్చాడు.

పని అయ్యేసరికి సంచి అందనివాడు ఆయనొక్కడే మిగిలాడు. మేడం ఖాళీ అయిన గింజల పెట్టె అడుగు చూపించి, ఆయన సంచిలో మరో బిస్కెట్ల ప్యాకెట్టు వేసింది.