మొదటి పిలుపు

పెంచలమ్మ ఉండే పల్లెలో ఎవరూ మొదటి పిలుపుకు పలకరు. వాకిట్లో నిలబడి గొంతు చించుకున్నా సరే, రెండోసారి పిలిచేదాకా లోపల గిన్నె చప్పుడు కూడా వినబడదు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు. పొగరు కాదు, భయం.

ఇరవయ్యేళ్ల కిందట యానాదుల గుడిసెలు తగలబెట్టింది ఊరి కుర్రాళ్లేనని పెంచలమ్మ మొగుడు కామాక్షయ్య కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఊరిపెద్ద చెంచురామయ్య, చిన్నప్పటి నుంచి అతనితో ఒకే పడవెక్కినవాడు, ఆ ఇంటి మీద దురాయి వేశాడు. దురాయి పడిందంటే ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, వేటకు పోకూడదు, పిలిస్తే పలకకూడదు. కామాక్షయ్య ఒంటరిగా సముద్రం మీదికి వేటకెళ్లాడు. తిరిగొస్తుంటే ఒడ్డు దగ్గర్లోనే పడవ బోల్తా కొట్టింది. అతను పిలుస్తూనే ఉన్నాడు. పెంచలమ్మ ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదింది. ఒక్కరూ పలకలేదు. శవమూ దొరకలేదు.

అప్పటినుంచి సందెవేళ సముద్రం వైపు నుంచి ఎవరో ఒక్కసారే పిలుస్తారని ఊరంతా అంటుంది. అది కామాక్షయ్యేమోనని మొదటి పిలుపుకు ఎవరూ పలకరు. అతను మునిగిన రోజు మాత్రం ఎవరికీ ఏమీ వినబడలేదట! గాలి హోరట! చచ్చినవాడి గొంతు వినే చెవులకు బతికున్నవాడి కేక వినబడలేదంటే నాకు ఒళ్లు మండుతుంది. పెంచలమ్మకు కావలసింది ఒక్కటే. విన్నామని వాళ్ల నోటితో వాళ్లు చెప్పాలి.

నేపాల్లో అంతర్యుద్ధంలో గల్లంతైనవాళ్ల కుటుంబాలతో పనిచేసి వచ్చిన గూడూరు లాయరు రెజీనా గారు పోయిన నెల ఊరిని ఒడ్డున ఉన్న తుపాను షెల్టరులో కూర్చోబెట్టారు. చెప్పింది రాసుకోవడానికి ఆమె వెంట నేనూ వెళ్లాను. శిక్షలు వేయించడానికి రాలేదనీ, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే చాలుననీ ఆమె అన్నారు. మధ్యాహ్నమంతా గాలి హోరు కథే విన్నాం. పొద్దు వాలింది. గోడకు ఆనుకుని కూర్చున్న పెంచలమ్మ కళ్లు మూసుకుని, ఉన్నట్టుండి కేకేసింది.

"ఒరే చెంచురామా! తాడెయ్యరా!"

అది ఆడగొంతు కాదు.

చెంచురామయ్య లేచాడు. చేతికర్ర కిందపడినా చూసుకోలేదు. "వస్తుండాన్రా కామాక్షా! పడవ ఇడవబాక!" అంటూ నీళ్లవైపు నడిచాడు. ఆ ఊళ్లో మొదటి పిలుపుకే పలికిన మనిషిని అప్పుడే చూశాను.

పెంచలమ్మ వెనకే పరిగెత్తి, అలల్లో దిగబోతున్న అతని చెయ్యి పట్టుకుంది.

"ఆడెవురూ లేరన్నా. ఆ పొద్దు ఇన్నావా, లేదా? అది చెప్పు."

ముసలాయన భోరుమన్నాడు. "ఇన్నానమ్మా. పేరు పెట్టి నన్నే పిలిచినాడు. తాడు నా చేతిలోనే ఉన్నింది."

వెనక షెల్టరు మెట్ల మీద ఎవరో "నేనూ ఇన్నాను" అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు.

పెంచలమ్మ వాళ్లవైపు తిరగలేదు. చీకటిపడుతున్న నీళ్లకేసి చూస్తూ మెల్లగా అంది.

"ఇన్నారంట మావా. ఇంక పిలవబాక."