చప్పుడు లేని జీపు, బావ మంద

2013 ఫిబ్రవరి 10, ఆదివారం. మఠంపల్లికి అవతల సున్నపురాయి మిట్ట. హాజరైనవారు: బావ, అక్క, మేనల్లుడు, మందను మేపే జీతగాడు, నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. బస్సుల డిపోలో మెకానిక్‌గా చేరినప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు తేదీ, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారో రాయడం నాకు అలవాటు. రిటైరై సూర్యాపేటలో స్థిరపడ్డాక కూడా అది పోలేదు. గొర్రెలను మాత్రం హాజరులో చేర్చలేదు. నిజానికి ఆ రోజు పరీక్ష వాటితోనే.

బావ అంటే మా అక్క భర్త. తరతరాలుగా గొర్రెలున్న ఇల్లు వాళ్ళది. పగలు మేపేది జీతగాడైనా సాయంత్రం మందను దొడ్డికి పిలిచేది ఇంటి యజమానే. యజమాని పిలుపుకు కదలని మందను ఆ ఇంట్లో ఉంచుకోరు. కొడుకుకు అప్పగిస్తారు, లేదా అమ్మేస్తారు. తన కేక సన్నబడిన ఏడాదే బావ తండ్రి మందను బావకు అప్పగించాడు. బావకు ఆ దారి లేదు. మేనల్లుడికి గొర్రెల మీద మనసు పోలేదు. మిర్యాలగూడలో వ్యవసాయ మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టుకున్నాడు.

2001లో బావ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. రోడ్డు మీద తిరగడానికి కాదు, బండల మధ్య బాట పట్టి మిట్ట మీదికి నీళ్ళ డ్రమ్ములు, తౌడు బస్తాలు చేరవేయడానికి. అందులోని పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ ఎక్కించింది నేనే. బండి మిట్ట ఎక్కుతుంటే కాలువ అవతలి పొలాల్లో ఉన్నవాళ్ళు తల తిప్పి చూసేవారు. తౌడు తెచ్చే బండి కాబట్టి గొర్రెలు ఆ చప్పుడును తొందరగానే గుర్తుపట్టాయి.

బావకు ఈల వేయడం ఏనాడూ రాలేదు. "ఈల రాని గొర్లకాపరివి జిల్లా మొత్తంల నువ్వొక్కనివే బావా" అని ఏడిపించేవాణ్ణి.

"నాకు ఈల రాదు. నీకు డైరీల రాసుకోనిదే తిన్న బువ్వ అరగదు. ఎవని రోగం వానిది బామ్మర్దీ" అనేవాడు.

ఈల లేకపోయినా కేక ఉండేది. మిట్ట అంచున నిలబడి ఒక్క కేక పెడితే మంద మొత్తం దిగివచ్చేది. 2011లో ఆ కేక పోయింది. గొంతులో గడ్డ లేస్తే పట్నం దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ మాట గుసగుసగా మిగిలింది, అదీ చెవి దగ్గర పెడితేనే వినిపించేంత. అప్పటి నుంచి బావ చెప్పింది విని మాకు చెప్పే పని అక్కదయింది. ఆమె కొన్ని మాటలు తన సొంతవి కూడా కలుపుతుందని బావ చేతులు తిప్పుతూ ఫిర్యాదు చేసేవాడు.

మందను పిలవడానికి మాత్రం ఆయన ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. మిట్ట అంచున జీపు నిలిపి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేవాడు. ఇంజన్ గర్జించేది, గొర్రెలు వచ్చేవి. అదే తన కేక అని ఆయన లెక్క. పద్ధతి తప్పినట్టు కాలేదు.

కానీ ఆ ఇంజన్ పొగ ఆయన గొంతుకు పడలేదు. పొగ తగిలితే మిగిలిన ఈ గుసగుస కూడా ఉండదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను సైలెన్సరు మార్చాను. గేరు రాడ్డు చుట్టూ ఉన్న సందులు మూసి, కింద రబ్బరు షీటు పరిపించాను. అయినా పాత బండి, ఎటు మూసినా ఇంకో దిక్కు నుంచి పొగ వచ్చేది. మిట్ట దిగేసరికి బావ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు అక్క జీపు తాళం తీసి కొంగున ముడేసుకుంది.

"ఇగ ఆ పొగల నిన్ను కూసోనియ్య. గొర్లు పోతే పోనీ" అంది.

అప్పుడు మేనల్లుడు కల్పించుకున్నాడు. గోదాముల్లో బస్తాలెత్తే బ్యాటరీ బండి ఒకటి పాతసామాను కింద దొరికిందనీ, దాని మోటారును జీపు గేర్‌బాక్సుకు కలిపి డీజిల్ ఇంజన్ దింపేస్తాననీ అన్నాడు. నా ఒళ్ళు మండింది.

"ఇంజన్ లేకుంటే అది జీపెట్లయితదిరా? మీ ఊళ్ళె కరెంటు మీ అమ్మ సెల్లుకే సాల్తలేదు."

"పొలాల లైను ఏదో యాళకు వస్తది గద మామా. వచ్చినంతసేపు ఎక్కిస్త. నాయిన ఏమన్న హైదరాబాద్ పోతడా? మిట్ట దాక పోయొస్తే సాలు."

"మరి చప్పుడు? గొర్లు ఏం సూసి వస్తయి?"

బావ అక్క చెవిలో ఏదో చెప్పాడు. అక్క మాకు చెప్పింది: మోటారు పెట్టిన జీపు మీద తాను పోతే మంద వచ్చిందా, సరే. రాకపోతే అమ్మేయడమే. ఈసారి ఆమె సొంత మాట ఒక్కటి కూడా కలపలేదు.

జనవరి అంతా పని నడిచింది. లేతు మిషన్ మీద పని జరిగేటప్పుడు నేనూ ఉన్నాను, గొణుగుతూనే. ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు పెట్టే పెద్ద బ్యాటరీలను వెనక వరసగా బిగించేసరికి జీపు గుడ్లు పొదుగుతున్న కోడిలా కుంగింది. స్ప్రింగు పట్టీలు అదనంగా వేయించాం. ఫిబ్రవరి 10, ఆదివారం సాయంత్రం పరీక్ష. గొర్రెలు కొనే కోదాడ బేరగాణ్ణి సోమవారం పొద్దున రమ్మని బావ ముందే కబురు పంపించాడు.

ఆ సాయంత్రం బావ స్టీరింగు పట్టాడు, పక్కన అక్క. వెనక బ్యాటరీల మీద పరిచిన చెక్కపై నేనూ మేనల్లుడూ. బావ తాళం తిప్పాడు.

"స్టార్ట్ కాలేదురా" అన్నాను.

"అయింది మామా. కాలు లోపల వెట్టుకో, పోతున్నం."

నిజమే, చెట్లు వెనక్కి పోతున్నాయి. ఇన్నేళ్ళూ ఇంజన్ మోత కింద దాగిన చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. తలుపు కీచుమంటోంది, టైర్ల కింద రాయి నలుగుతోంది, డ్రమ్ములో నీళ్ళు తొణుకుతున్నాయి. "అయ్యో, గీ బండిల గిన్ని కీచులున్నయా?" అని అక్క ఆశ్చర్యపోయింది. బండలెక్కేచోట నా ఇంజన్‌తో సగం క్లచ్ తొక్కిపట్టి రొప్పించాల్సి వచ్చేది. మోటారు మాత్రం నింపాదిగా, కుదుపు లేకుండా పాకుతూ ఎక్కింది. అది నా ఇంజన్‌కు చేతకాని పని. ఆ మాట పైకి అనలేదు కానీ డైరీలో రాశాను.

మిట్ట అంచున బావ జీపు ఆపాడు. తుప్పల మధ్య మేస్తున్న గొర్రెల్లో ఒక్కటీ తలెత్తలేదు. వాటి లెక్కలో మేం రాలేదు. మేనల్లుడు ముందుకు వంగి హారన్ నొక్కాడు. మంద బెదిరి నాలుగు దిక్కులా పరుగెత్తింది.

"ఓ అయ్యా, గా హారన్ బంద్ వెట్టుండ్రి!" అని జీతగాడు దూరం నుంచి అరిచాడు. "పొద్దుగాల సంది మేపిందంత అరగ్గొడుతున్నరు!"

మేనల్లుడు జేబులోంచి సెల్లు తీశాడు. "ఇంజన్ దింపకముందు దాని సప్పుడు రికార్డ్ చేసి వెట్టిన నాయినా. స్పీకర్ పెట్టి వినిపిద్దామా?"

"సచ్చిన ఇంజన్ గొంతుతోని పిలుస్తవారా? నాకొద్దు" అన్నాడు బావ.

ఆయన భుజం వెనకే కూర్చున్న నేను ఉలిక్కిపడ్డాను. "బావా, నీ మాట నాకు ఇనవడ్డది."

ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. "ఆడిదాక ఇనవడ్డదా? అయితే ఇగ ఇను. నువ్వెక్కిచ్చిన ఇంజన్ ఇన్నేండ్లు నా చెవులు తిన్నది. నీ మొకం సూసి ఊకున్న."

అందరం నవ్వాం. ఆపరేషన్ తర్వాత ఆయన మాటను అక్క నోటి ద్వారా కాకుండా నేను విన్నది అదే మొదటిసారి. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బావ స్టీరింగు మీద చేతులు పెట్టి మంద వైపు చూస్తూ ఉండిపోయాడు. "రాలె. కోదాడాయనకు ఇచ్చేద్దాం. మాటంటే మాటనే" అన్నాడు.

అక్క కొంగు సర్దుకుంది. "గింత దూరంకెళ్ళి ఎందుకు పిలుస్తవ్? దగ్గరికి పో. రెండేండ్ల సంది నాకు చెవి కాడనే చెప్తున్నవ్. నేను వస్తలేనా?"

బావ ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత జీపును మెల్లగా మంద మధ్యలోకి పోనిచ్చాడు. డీజిల్ బండి అలా పోతే గొర్రెలు ఎగబడేవి, లేదా చెదిరేవి. ఈ బండికి అవి కాస్త పక్కకు జరిగి మళ్ళీ మేతలో మూతి పెట్టాయి. మందకు ముందు నడిచే ముసలి గొర్రె ఒకటుంది. దాని పక్కన జీపు ఆపి, బావ బయటికి వంగి గుసగుసగా పిలిచాడు. "దా బిడ్డ. దా."

దాని చెవి ఇటు తిరిగింది. ఆ తర్వాత తల. వచ్చి ఆయన అరచేతిలో మూతి పెట్టింది. బావ జీపు కదిలించాడు, నడక కంటే మెల్లగా, పిలుస్తూనే. ముసలిది వెనక నడిచింది. దాని వెనక ఇంకొన్ని, వాటి వెనక వాటి పిల్లలు. నేను వెనక్కి చూస్తూ కూర్చున్నాను. కొన్ని మాత్రం కదలలేదు. వాటిని జీతగాడు తర్వాత తోలుకొచ్చాడు.

దొడ్డి దగ్గర మేనల్లుడు ఉండబట్టలేక అడిగాడు. "వచ్చినట్టేనా నాయినా?"

"సగమే వచ్చినయి."

"మన పెండ్లికి పిలిస్తే నీ సుట్టాలు గూడ సగమే వచ్చిండ్రు. పెండ్లి కాలేదా?" అంది అక్క.

బావ నవ్వలేదు. అమ్ముతాననీ అనలేదు, ఉంచుకుంటాననీ అనలేదు. అన్నం తిని ముసలి గొర్రె దగ్గరికి పోయి దొడ్డి గోడ మీద కూర్చున్నాడు. మేనల్లుడు జీపుకు చార్జింగు వైరు తగిలించి కరెంటు కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు. నేనూ ఆ రాత్రి అక్కడే ఉన్నాను.

పొద్దున లేచేసరికి కొట్టం కింద జీపు లేదు. వైరు ఊడదీసి చుట్టపెట్టి ఉంది. దొడ్డి ఖాళీ. జీతగాడు ఇంకా రానేలేదు. పక్కనే పడుకున్న నాకు అక్కా బావా పోయిన అలికిడే తెలియలేదు. ఇంతలో కోదాడ బేరగాడు చిన్న లారీ వేసుకుని వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. మేనల్లుడు అక్క సెల్లుకు ఫోన్ చేశాడు. విని, సెల్లు నా చెవికి ఆనించాడు. బావ గొంతు, సన్నగా, కానీ స్పష్టంగా: "బామ్మర్దీ, పిలిస్తే గొర్లన్ని నా ఎంబడి మిట్ట ఎక్కినయి. అమ్ముతలేనని ఆయనకు చెప్పు. రాత్రి కరెంటు సరిగ రానట్టుంది. దిగొస్తుంటే కాలువ గట్టు కాడ బండి ఆగిపోయింది. ట్రాక్టర్ పట్కరాండ్రి."

బేరగాడికి చెప్పాను. "అదేంటండీ, మీరే రమ్మంటిరి! డీజిల్ పోసుకుని ఇంత దూరం వచ్చానండీ" అని విసుక్కున్నాడు. క్షమించమన్నాను. టీ తాగేసి లారీ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పక్కింటి ట్రాక్టరు అడిగి తీసుకుని గట్టు దగ్గరికి వెళ్ళాం. జీపులో అక్కా బావా పక్కపక్కన కూర్చుని ఉన్నారు. "ఏం బావా, ఆఖరికి డీజిల్ బండే కావలసి వచ్చిందా?" అన్నాను. చెయ్యి ఊపి, తాడు కట్టమన్నాడు. మేనల్లుడు ట్రాక్టరు నడుపుతుంటే నేను మడ్‌గార్డు మీద కూర్చుని ఇంటిదాకా వెనక్కే చూస్తూ వచ్చాను. తాడు చివర జీపులో బావ ఏదో చెబుతూనే ఉన్నాడు, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ట్రాక్టరు మోతలో నాకు ఒక్క ముక్కా వినపడలేదు.