పాలసీలో లేని జబ్బు

ఉదయం ఆరుంబావుకు తార్నాక హోటల్లో మా వన్ బై టూ చాయ్ వచ్చింది. ఒక చాయ్, రెండు కప్పుల్లో. యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక అయ్యాక నేనూ మా తమ్ముడు సుధాకర్ రోజూ అలాగే తాగేవాళ్లం. ఆ రోజు వాడు కప్పు ఎత్తలేదు. చేతులు ఒళ్లో దాచుకుని, వంగి, కప్పుకే నోరు ఆనించాడు.

"ఏందిరా?" అన్నాను.

"చలిగున్నది అక్కా."

అది మే నెల.

సుధాకర్ యూనివర్సిటీలో చరిత్ర చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. పెళ్లి చేసుకోలేదు. నేను రిటైరైన టీచర్ని. సీతాఫల్‌మండిలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. తాగుతాడని తెలుసు. ఎంత తాగుతాడో తెలియదు. నల్లకుంటలో ఫిజీషియన్‌కు చూపిస్తే, లివర్ ఫంక్షన్ టెస్ట్ రిపోర్టు చూసి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. నాకు ఎన్నడూ చెప్పనివి వాడు ఆ డాక్టరమ్మకు చెప్పాడు. పొద్దున లేస్తూనే తాగుతున్నాడు. క్లాసుకు ముందు తాగుతున్నాడు. బతకాలని లేదు.

"ఆల్కహాల్ డిపెండెన్స్, దాంతోపాటు సివియర్ డిప్రెషన్," అన్నారు డాక్టర్. "ముందు డీటాక్స్, అంటే ఒంట్లోంచి మందు పూర్తిగా దిగాలి. అది అయ్యాకే అసలు ట్రీట్‌మెంట్. మధ్యలో తీసుకుపోవద్దు."

వాడి ఆరోగ్య బీమా మీద ప్రైవేటు ఆసుపత్రిలో అడ్మిట్ చేశాం. మొదట్లో ఒళ్లంతా చెమటలు. గోడ మీద లేని చీమల్ని తుడిచేవాడు. అది తగ్గి, ఇడ్లీ కావాలని అడిగిన రోజే ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఉద్యోగి మంచివాడే. గొంతు తగ్గించి చెప్పాడు.

"డిప్రెషన్ ఒక్కటే ఉంటే అప్రూవ్ అయితుండె మేడమ్. ఆల్కహాల్ అని పడ్డది కదా, ఎక్స్‌క్లూజన్‌ల పోయింది, అంటే పాలసీ పైసలియ్యని లిస్టుల. డాక్టర్‌తోని మార్పిస్తరా?"

అడిగాను. రేపు ఇతనికి ఫిట్స్ వస్తే చూసే డాక్టర్‌కు ఆ మాటే అవసరమని, తీసేయలేనని ఆమె అన్నారు. ఆమె తప్పేమీ లేదు.

తమ్ముడికి చెప్పక తప్పలేదు. నవ్వాడు.

"ఇన్నేండ్లు అబద్ధం చెప్పి బతికిన అక్కా. ఒక్కపారి నిజం చెప్తే గిట్లయింది."

ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. "అక్క పెన్షన్ గూడ తాగిండంటరు," అని బట్టలు సర్దుకున్నాడు. డాక్టర్ వద్దన్నా వెళ్తున్నామని సంతకం చేయించుకుని పంపారు.

కొన్నాళ్లు మాత్రలు వేసుకున్నాడు. నడకకు వచ్చాడు. కప్పు చేత్తోనే ఎత్తాడు. వానాకాలంలో మాత్రలు ఆపేసి మళ్లీ తాగాడు. నాకు తెలిసిపోయిందని, ఎవరినీ అడక్కుండా తాగుడు ఒక్కసారిగా ఆపేశాడు. అలా ఆపితే వచ్చే ఫిట్స్‌తోనే వంటింట్లో పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. ఐసీయూ నుంచి తిరిగి రాలేదు.

మానసిక వ్యాధులకూ మిగతా వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం ఉందని వాడు బతికుండగానే నేను బీమా కంపెనీకి అప్పీలు పెట్టాను. జవాబు వాడు పోయాక వచ్చింది. డిప్రెషన్ వరకు మళ్లీ పరిశీలిస్తారట. పేషెంటు సంతకం కావాలట.

చదివేవారికి ఒకటే చెప్పగలను. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, అడ్మిట్ చేయకముందే తాగుడు మాన్పించే చికిత్స మీ పాలసీలో ఉందో లేదో కంపెనీని అడిగి, రాసి ఇమ్మనండి. లేదంటే ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్‌కు మాత్రం ఏదీ దాచకండి.

ఉదయం క్యాంపస్‌లో ఒక్కదాన్నే నడుస్తున్నాను. తార్నాక చేరేసరికి ఆ హోటల్ తెరిచే ఉంటుంది. వన్ బై టూ చెప్పడం మానేశాను.