ఒక మెట్టు తగ్గిన పాట

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లో మా మేనకోడలి ఇంట్లో దాని కూతురు గిటార్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్ మీద వేలితో ఇలా జరపగానే పాట స్వరాలన్నీ రెండు మెట్లు కిందికి దిగిపోయాయి. అందరూ ముచ్చటపడ్డారు, నేను మాత్రం ఎవరు దించమన్నారు, ఎందుకు దించమన్నారు అని ఆ పిల్లని గుచ్చి గుచ్చి అడిగాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

మీలో కలకత్తా రేవు పక్కన మా గార్డెన్ రీచ్ ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, నా కుర్రతనంలో కంప్యూటరంటే ఉద్యోగాలు తినేసే భూతమని యూనియన్ వాళ్లు అనుమానించే రోజులవి. ఓడ సరుకుల ఆఫీసులో గుమస్తాగా ఉన్న నేను, భోజనాల వేళ ఆ భూతం ముందే కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లో మాక్రో అనే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పాటలో ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో గడుల్లో వరసగా నింపి, పై గడిలో ఎన్ని మెట్లు జరపాలో ఒక అంకె వేసి బటన్ నొక్కితే, పాటంతా కొత్త శ్రుతిలోకి మారిపోయేది. మా తెలుగు చర్చిలో గిటార్ వాయించేవాళ్లెవరికీ స్వరాలు చదవడం రాదు, ఆ అంకెలు చూసే వాయించేవారు. ముందు నిలబడి పాడేది మా అక్క. శ్రీకాకుళం నుంచి ఓడల డాక్‌లో పనికి వచ్చిన మా కుటుంబానికి అక్కడున్న గౌరవమంతా అక్క గొంతే.

నా ఫ్లాపీ తీసుకెళ్లి కాగితాలు అచ్చు తీసి తెచ్చేది మా పక్కింటి బెంగాలీ దాదా. ఆయనకి కంప్యూటరున్న జిరాక్స్ షాపు ఉండేది, చర్చిలో మాతో పాటు గిటార్ కూడా వాయించేవాడు. ఆ ఏడు క్రిస్మస్ ముందు, నేను పెట్టినదానికంటే ఒక మెట్టు తక్కువగా కాగితాలు రావడం మొదలైంది. మొదట నా మాక్రోనే అనుమానించి వరస వరసా వెతికాను, తప్పు దొరకలేదు. మరో వారానికి ఇంకో మెట్టు దిగింది. నా పనితనం తప్పని తేల్చి పాటలు నీ చేతిలోకి తీసుకోవాలనే కదా నీ ఎత్తు అని, సాధనలో అందరూ వింటూండగా దాదాని అడిగేశాను. ఆయన అక్క వైపు ఒకసారి చూసి, "ఠిక్ ఆఛే", సరేలే, అని ఫ్లాపీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చూపుని కూడా నేను అనుమానించాను.

క్రిస్మస్ నాటి కాగితాలు నేనే దగ్గరుండి అచ్చు తీయించాను, నా అంకెతోనే. మూడో చరణంలో పై స్వరం దగ్గర అక్క గొంతు చీలిపోయింది. గిటార్లు సాగుతూనే ఉన్నాయి, అక్క కూర్చుండిపోయింది. ఇంటికి వచ్చాక చెప్పింది: "దాదానేటీ అనకురా. నానే దించమన్నాను. గొంతు పోతందని తెలిత్తే ముందు నిలబెట్టరని బయమేసింది. నీకు సెప్తే నువ్వూరుకుంతావా?"

మర్నాడే దాదా ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. టీ ఇచ్చాడు, మంచిగానే మాట్లాడాడు, చర్చికి మాత్రం మళ్లీ రాలేదు.

ఇప్పుడు పాడేవాళ్లే ముందుగా అడుగుతున్నారు, గొంతు అందడం లేదు, ఇంకొంచెం దించండి అని. అందులో దాచుకునేదేమీ లేదు వాళ్లకి. ఆ ఒక్క మాట మా అక్క తోడబుట్టినవాడితో అనలేక పొరుగు మనిషితో అంది. ఆదివారాలు మేమిద్దరం వెనక బెంచీలో కూర్చుంటాం. పాట ఎంత కిందికి దించినా అక్క పెదవులు కదుపుతుందే గానీ గొంతు విప్పదు.