టిప్ ముంచకుండా రాసిన నరకాలు

2022 మార్చిలో, ఈస్టర్‌కు ముందు ఉపవాసాల తపస్కాలం మొదలైన వారంలోనే, నన్ను ఉక్కు తయారుచేసే షాపులో ఉష్ణోగ్రత కొలిచే పనికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. స్వచ్ఛంద పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు.

ఆ షాపులో ఇల్లంత పెద్ద కుండ ఉంటుంది. దాన్ని కన్వర్టర్ అంటారు. అందులో ఒక విడతలో తయారయ్యే ఉక్కు ఒక 'హీట్'. కుండను వంచగానే వెండిరంగు కోటు తొడుక్కుని, పొడవాటి గొట్టాన్ని దాని నోట్లోకి తోసి ఉక్కులో ముంచాలి. గొట్టం చివర అట్టతొడుగులో ఉండే చిన్న కొలత సాధనమే టిప్. దాని ఆయుష్షు నాలుగైదు సెకన్లు. ఆలోపు తెరమీద అంకె పడుతుంది, పదహారు వందల యాభై డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా. అంకె మనకొస్తుంది, టిప్ రాదు. ఒక్కోసారి అంకె పడకముందే టిప్ కాలిపోతుంది. అప్పుడు 'రీడింగ్ లేదు' అనే రాయాలి. మంట రంగు చూసి వేడి చెప్పగల సీనియర్లు ఉన్నారు. అయినా కంటి అంచనాను రీడింగ్‌గా రాయడం మా దగ్గర పెద్ద తప్పు.

నేను కథోలికుణ్ణి. తపస్కాలంలో మాంసం మానడంతో పాటు ఏదో ఒక పుస్తకం పట్టుకోవడం నా అలవాటు. ఆ ఏడు ఉక్కునగరంలోని మా గుడి గ్రంథాలయంలో నరకం గురించి ఉన్న కథలు, కావ్యాలు, నవలలు అన్నీ చదవాలనుకున్నాను. చదువు పదో తరగతితో ఆగినా, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి పెన్సిలుతో చదివాను. ఒకాయన నరకంలో మరిగే నూనె పోశాడు. ఇంకొకాయన మంచు గడ్డకట్టించాడు. అంత వేడిలోనూ పాపులు నిలబడి పేజీలకు పేజీలు మాట్లాడతారు. మా షాపులో రెండు ముక్కలు మాట్లాడితేనే గొంతు ఎండిపోతుంది. ప్రతి పుస్తకంలోనూ ముందు నా పాపాలకు ఏ శిక్ష వేశారో వెతికేవాణ్ణి. తిండిపోతులకు కాస్త తక్కువగా ఉంటే ఊరట. లెక్కలు తెలుసని మిడిసిపడేవాళ్ల వంతు రాగానే పేజీ తిప్పేసేవాణ్ణి.

ఇవన్నీ క్యాంటీన్లో చెప్పి నవ్వించేవాణ్ణి. మా ఫోర్‌మన్ అప్పలరాజుకు మహా సరదా.

"ఏటి బావా, ఫోర్‌మన్లకి ఏ అంతస్తు ఇచ్చీసారు? ఫ్యానుంటాదా?"

"నీకు స్పెషల్ క్వార్టరు బావా," అన్నాను.

అందరూ నవ్వారు, అంతోని తప్ప. అతను ఉక్కు పట్టుకెళ్లే క్రేన్ నడుపుతాడు, మా గుడికి వచ్చేవాడే. నవ్వులమధ్యే అడిగాడు.

"అన్నా, అది మన కన్వర్టర్ కన్నా వేడేనా?"

అతని తమ్ముడు కిందటేడాది తాగిన మత్తులో దువ్వాడ దగ్గర బండి మీంచి పడి చనిపోయాడు. చావుకు ముందు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు, నూనె పూసే చివరి అభ్యంగనం లేదు. వచ్చే శనివారం సంవత్సరికం. ఆత్మశాంతికి పూజ పెట్టించమని తల్లి అడుగుతోంది, ఇతను ఒప్పుకోవడం లేదు.

"నరకానికి పోయినోడికి పూజ అందదు కదన్నా. అమ్మకి ఆ మాట నానెలా సెప్పగలను? అందుకే ఊరుకుంతన్నాను."

నాకు పుస్తకాలలో పెన్సిలు గీతలు పెట్టిన చోట్లన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ప్రతి రచయితా నరకంలోకి దిగి, చూసి, తిరిగొచ్చి చెబుతాడు. మా టిప్ ఎప్పుడైనా తిరిగొచ్చిందా? అదే అంతోనికి చెప్పాను. ఆ రాసినవాళ్లెవరూ టిప్ ముంచలేదు, మంట రంగు చూసి అంకె వేశారు. మన కథోలిక తిరుసభ, స్వర్గం చేరిన పునీతులని పేరుపెట్టి ప్రకటించినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఒక్క పేరూ ప్రకటించలేదు. ఆ పట్టీలో సున్నా.

"అయితే మా తమ్ముడికి ఏటి రాయాలి?"

"రీడింగ్ లేదు. అంతే."

అతను తేలికపడలేదు. రీడింగ్ లేదంటే ఆశ లేదనే కదా అన్నట్టు టీ గ్లాసు పక్కకు జరిపాడు. అప్పుడు అప్పలరాజు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"రీడింగ్ రాలేదని హీట్ పారబోసీస్తామేటిరా? ఇంకో టిప్ ఎట్టి మళ్లీ ముంచుతాం. ఎల్లి పూజ పెట్టించీ. అందితే అందింది, నీ సొమ్మేటి పోనాది?"

ఫాదర్‌గారు కూడా ఇంత సూటిగా చెప్పరు. అంతోని ముందు తెల్లబోయి, తర్వాత గట్టిగా నవ్వేశాడు.

శనివారం పూజలో తమ్ముడి పేరు చదివారు. తల్లి ముందు వరసలో కూర్చుంది, పక్కన అంతోని. అప్పలరాజు కూడా వచ్చి, మేం ఎప్పుడు లేస్తే అప్పుడు లేచి, ఎప్పుడు మోకరిస్తే అప్పుడు మోకరించాడు. సోమవారం క్యాంటీన్‌కు జాలరిపేట నుంచి తెప్పించిన వంజరం చేపతో పులుసు వచ్చింది, ఆ తల్లి వండి పంపింది. అప్పలరాజు రెండోసారి వడ్డించుకుంటుంటే తిండిపోతుల శిక్ష గుర్తుచేశాను.

"రీడింగ్ లేదు బావా," అన్నాడు.

నరకం పుస్తకాలు ఇప్పటికీ ఇష్టంగానే చదువుతాను. వాటిలో పాపుల మాటలు నమ్ముతాను, అవి మన మాటలే కాబట్టి. మంటల లెక్క నమ్మను. కొలవని వేడికి అంకె వేయకూడదని శిక్షణలో మొదటి రోజే నేర్పారు. అది మనుషులకూ వర్తిస్తుందని తెలియడానికి నాకు చివరి పోస్టింగు దాకా పట్టింది.