గోడ మీద వదిన

మా వదిన సత్యభామకు సొంత క్యాలెండర్ లేదు. ఆమెకు ఏ రోజు ఏం పని ఉందో తెలియాలంటే ఆమె ఇంటికి పోయి లాభం లేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఉన్న బంధువుల, పరిచయస్తుల గోడలన్నీ చూసుకుంటూ రావాలి. తనకు మతిమరుపని చెప్పి, తన పనులన్నీ ఆమె ఎదుటివాళ్ళ క్యాలెండర్ల మీద రాస్తుంది. ఆ తేదీ పొద్దున్నే ఆ గోడవాళ్ళు ఆమెకు ఫోన్ చేసి గుర్తు చేయాలి. చేయకపోతే పని చెడుతుంది, ఆ పాపం గోడవాళ్ళకు చుట్టుకుంటుంది. ఇదీ ఆమె చట్టం.

సత్యభామ నా భర్త వెంకటరమణకు అక్క. పెనుకొండలో కొడుకు మహేష్ దగ్గర ఉంటుంది. వాడికి అక్కడే సెల్‌ఫోన్ల అంగడి. నేను హిందూపురంలో ఉంటాను. నా తోడికోడలు నిర్మల ధర్మవరంలో ఉంటుంది. మా మరిదికి అక్కడ పట్టుచీరల అంగడి. రైలు మార్గంలో చూస్తే వదిన మా ఇద్దరి నడుమ న్యాయంగా కూర్చున్నట్టే ఉంటుంది. న్యాయం జరగలేదనేదే నా బాధ.

వదిన మా ఇంటికి వచ్చే తీరు చూడాలి. చెప్పులు విడుస్తూనే నేరుగా వంటింట్లోకి పోతుంది.

"వదినా, ముందు కాళ్ళు కడుక్కోండి. కాఫీ పెడతా."

"ఉండు పద్మా. పని ఉండాది."

లోకంలో ఆడవాళ్ళు కొప్పులో పూలు పెట్టుకుంటారు. మా వదిన పూలతో పాటు ఎర్ర స్కెచ్ పెన్ను కూడా పెట్టుకుంటుంది. అది లాగి, గోడ మీది క్యాలెండర్లో 'సత్య గ్యాసు' అని రాస్తుంది. ఆమె అక్షరాలు ఎంత పెద్దవంటే, బుధవారం మొదలుపెట్టిన మాట శుక్రవారానికి గానీ ముగియదు. పాలవాడు రాని రోజుకు నేను పెట్టుకున్న సున్నా ఆ గ్యాసు కింద పడి నలిగిపోతుంది.

"మీ గ్యాసు నా గోడ మీద ఎందుకు వదినా? మీ ఇంట్లో క్యాలెండర్లు లేవా?"

"లేకేం, గోడ కనపడకుండా ఉండాయి. అన్నింటి మీదా దేవుళ్ళే. సామి కాళ్ళ కింద గ్యాసు, చింతపండు అని రాస్తే కండ్లు పోవూ?"

"మా క్యాలెండర్ మీద ఉన్నది దేవుడు కాదా?"

"మీ సామికి అలవాటైపోయిందిలే."

ఆమె గోడల రాజ్యానికి ఎల్లలు లేవు. పళ్ళ డాక్టరు గదిలో, టైలరు మిషను వెనక, చివరికి బ్యాంకులో కూడా ఆమె రాతలు ఉండేవి. బ్యాంకుకు కొత్తగా వచ్చిన మేనేజరు గోదావరి వైపు మనిషి. ఒకరోజు నేను పెనుకొండలో వాళ్ళింట్లో ఉండగానే ఆయన ఫోన్ చేశాడు. నేను కంగారుపడ్డాను. వదిన స్పీకర్ పెట్టింది.

"సత్యభామగారూ, ఇవాళ మీరు పిండిమరకి వెళ్ళాలండి."

"పొద్దన్నే పోయొచ్చినా కదప్పా."

"వెళ్ళొచ్చేశారా? మరి నాకు చెప్పలేదేంటండీ? పొద్దుట్నుంచీ అదే ధ్యాసలో ఉన్నాను."

"మర్చిపోయినా నాయనా. నువ్వు తిన్నావా? మీ ఇంటామె వచ్చిందా ఊరినించి?"

తర్వాత పావుగంట ఇద్దరూ గోంగూర గురించి మాట్లాడుకున్నారు. బ్యాంకు ముందు వరస ఎంత పొడవు పెరిగి ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక నా కడుపుమంట సంగతి చెప్పాలి. నేను మాటలు తక్కువ మనిషిని. నా భర్త పోయినప్పటి నుంచి పుస్తకాలతోనే పొద్దుపుచ్చుతాను. బయటికి చూసేవాళ్ళకు నేను చాలా శాంతమూర్తిని. కానీ ఒకసారి ధర్మవరంలో పెళ్ళికి పోయి నిర్మల ఇంట్లో దిగాను. ఆమె కొత్త ఫ్రిజ్ చూపించింది. నా చూపు ఫ్రిజ్ మీద నిలిస్తే ఒట్టు. పక్కన గోడ మీద, క్యాలెండర్లో, ఒక వారమంతా ఆక్రమించి, ఎర్రగా, 'సత్య కదిరి తేరు' అని ఉంది.

కదిరి తేరు! లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం! నా గోడ మీద ఏముంది? గ్యాసు. వచ్చే నెల గ్యాసు. ఆపై నెలా గ్యాసే. మెల్లగా నిర్మల క్యాలెండర్ తక్కిన కాగితాలు తిరగేశాను. కంటి ఆపరేషన్ ఆమె గోడకే. లేపాక్షి ప్రయాణం ఆమె గోడకే. లేపాక్షి మా హిందూపురం పక్కన ఉంది! దాన్ని ఇంత దూరం తెచ్చి నిర్మల గోడకు కొట్టాలా?

"ఏందక్కా, అంత పరీక్షగా చూస్తాండావు?" అంది నిర్మల.

"ఏమీ లేదు. రాహుకాలం చూస్తున్నా."

"నిన్ననే వచ్చి రాసిపోయింది వదిన. నా గోడ మీద ఎంత నమ్మకమో ఆమెకు," అని నిర్మల కొంగు సర్దుకుంది. ఆ సర్దుకోవడం నేను ఇంతవరకూ మరిచిపోలేదు.

ఇంటికి వచ్చి మా గోడను గట్టిగా మందలించాను. సున్నం కొట్టించాను. కొత్త మేకు కొట్టి, అంగడివాణ్ణి బతిమాలి పెద్ద గళ్ళ క్యాలెండర్ తెచ్చి తగిలించాను. తేరు కాకపోయినా, కనీసం ఒక గృహప్రవేశానికైనా చోటు ఉండాలని. వదిన వచ్చింది. కొత్త క్యాలెండర్‌ను తడిమి చూసింది. "బలే ఉండాదే!" అంది. పెన్ను తీసింది.

'సత్య గ్యాసు.'

ఇట్లా ఉండగా మహేష్‌కు రోషం వచ్చింది. కొడుకు ఫోన్ల అంగడి పెట్టుకుని ఉంటే తల్లి గోడలు పట్టుకుని తిరగడం వాడికి నామోషీ అయింది. మంచి ఫోన్ ఒకటి తెచ్చి, అందులో క్యాలెండర్ పెట్టి, తల్లి పనులన్నీ తానే ఎక్కించాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఇది టయానికి మోగుతాది. నోరు తెరిచి పనేందో కూడా చెప్తాది."

"కాగితం మోగకుండా చెప్తాది గదరా."

"కాగితం ఏడాది తిరిగితే చస్తాదమ్మా."

"చస్తే కొత్తది వస్తాది. నీ ఫోను సాయంత్రానికే చస్తాది. దానికి కరెంటు పెట్టాలని ఏ గోడ మీద రాసుకునేది?"

నేను పుస్తకాల మనిషిని కాబట్టి మహేష్ నా తీర్పు అడిగాడు. "చెప్పత్తా, ఏది మేలు?" నా నోట్లోంచి, ఎట్లా వచ్చిందో, "ఫోనే మేలు నాయనా," అని వచ్చింది. తేరు నా గోడకు రాకపోతే పీడాపోయె, నిర్మల గోడకూ పోకూడదు. అప్పుడు నాకు తోచినది ఇంతే.

వదిన నన్ను ఒక చూపు చూసి, "పద్మ చెప్పినాక ఇంకేముండాది," అని ఫోన్ అందుకుంది.

ఆ నెల గ్యాసు నా గోడ మీదికి రాలేదు. మొదటి వారం విజయం సాధించినట్టే ఉంది. రెండో వారం పుస్తకం తెరిస్తే చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాను. పొద్దున్నే లేచి, చేయాల్సిన ఫోన్ ఏదీ లేక, గోడ వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఎంత శుభ్రంగా ఉందో! ఎక్కడి సున్నాలు అక్కడే ఉన్నాయి. అంత అసహ్యమైన క్యాలెండర్ నా జన్మలో చూడలేదు. ఒకనాడు సాయంత్రం కూరగాయలామె "ఏమ్మా, గొంతు పోయిందా?" అని అడిగింది. పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నిర్మల మీద కుళ్ళు పోయి ఫోన్ మీదికి మళ్ళింది. మనిషి మీద కుళ్ళుకుంటే ఎదురుపడినప్పుడు మూతి తిప్పుకోవచ్చు. ఫోన్ ముందు ఎంత తిప్పుకున్నా నష్టం మన మూతికే.

ఒకరోజు నిర్మల ఫోన్ చేసింది. తనంతట తాను చేయడం అదే మొదలు.

"అక్కా, నీ గోడ మీద వదిన ఏమన్నా రాసిందా?"

"లేదు. నీకు?"

"యాడ అక్కా! అన్నీ ఆ ఫోనుకే. ఈసారి తేరు కూడా దానికే ఇచ్చినట్టుండాది." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఆ మాయదారి ఫోను ఎవరి తెలివో గానీ, వాళ్ళ నోట్లో మన్ను పడ."

నేను దగ్గాను. ఆ శాపనార్థాన్ని ఎక్కువసేపు సాగనివ్వకుండా, "రేపు పెనుకొండకు పోదాం, నువ్వు అటునుంచి రా, నేను ఇటునుంచి వస్తా," అన్నాను.

పోయేసరికి వదిన ఇంట్లో లేదు. మహేష్ దిగులుగా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఫోను బాగా పనిచేస్తాందా నాయనా?" అని అడిగాను.

"ఒక్కసారన్నా మోగితే గదా అత్తా! పదికి డాక్టరని పెడితే తొమ్మిదిన్నరకే పోయి కూచుంటాది. సాయంత్రం గుడి అని పెడితే మధ్యాన్నమే మాల కట్టి పెట్టుకుంటాది. మోగేలోపల పని చేసొచ్చి, 'ఇంగ ఆపేయిరా దాన్ని, పాపం' అంటాది. అంత మంచి ఫోను నోరు తెరవక మూగదైపోయింది."

"మరి ఆమెకు మతిమరుపు గదా?" అంది నిర్మల.

"మా అమ్మకా? మరుపా?" మహేష్ మా ఇద్దర్నీ జాలిగా చూశాడు. "అత్తా, నీ పెండ్లిలో మా నాయన ఏ చొక్కా ఏసుకున్నాడో, దానికి యాడ గుండీ ఊడిందో ఇప్పటికీ చెప్తాది. ఆమెకు గుర్తుచేసే మొనగాడు ఇంకా పుట్టలేదు."



వదిన కరివేపాకు కట్టతో వచ్చింది. నిర్మల కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను వదినను పెరట్లోకి లాక్కుపోయి నిలదీశాను.

"మరుపు లేనప్పుడు ఊళ్ళో గోడలన్నీ ఎందుకు పాడుచేశారు?"

వదిన కరివేపాకు దూస్తూనే ఉంది. దొరికిపోయిన దొంగ కూడా అంత తీరిగ్గా ఉండడు. "ఆ మేనేజరు అబ్బయ్య ఊరిగాని ఊర్లో ఒంటిగా ఉండాడు. పిండిమర పేరు చెప్పి రెండు మాటలు మాట్లాడతాడు. దానికేముండాది?" అంది.

"నిర్మల ఒంటిగా లేదు గదా. అంగడి నిండా జనమే."

"అంగడి దాటి యాడికన్నా పోతాదా ఆ బిడ్డ? తేరు చూడల్ల అని అడిగితే మా తమ్ముడు పంపుతాడా? నాకు మరుపని చెప్తే, 'మా అక్క తప్పిపోతాది, నువ్వు తోడుపో' అని వాడే పంపుతాడు. నాకు కండ్ల ఆపరేషనని వారం దినాలు ఈడ కాలు చాపుకోని నిద్రపోయింది పాపం."

"మరి నేను?"

"నీతో మాట్లాడి గెలిచినోళ్ళు ఉండారా? నా తమ్ముడు పోయినాక ఫోను చేసి తిన్నావా అంటే 'ఊ'. పండుకున్నావా అంటే 'ఊ'. బుక్కులో తల పెడితే పీకేటోడు లేడు. అదే నేను గ్యాసు మర్చిపోయినాననుకో, 'ఇంత మతిమరుపేంది వదినా, ఇట్లైతే ఎట్లా వదినా' అని అరగంట తిడతావు. నువ్వు తిట్టేటప్పుడు నీ గొంతు బలే ఉంటాదమ్మా."

ఏదైనా గొప్ప మాట చెప్పాల్సిన సమయం అది. నేను చదివిన పుస్తకాల్లో అలాంటివి బోలెడు ఉన్నాయి. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"అయితే మాత్రం, ఆమెకు తేరు, నాకు గ్యాసా?"

వదిన దూసిన కరివేపాకు నా చేతిలో పోసింది.

"తేరు ఏడాదికి ఒకసారి వస్తాదమ్మా. గ్యాసు నెలనెలా అయిపోతాది. ఎవురితో ఎక్కువ తిట్లు తినాలని నాకుందో నువ్వే లెక్క చూసుకో." తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈ మాట నిర్మలకు చెప్పొద్దు. కుళ్ళుకుంటాది."

నేను చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట మీద చాలా గట్టిగా నిలబడ్డాను కూడా, హిందూపురం రైలు కదిలేవరకు. కిటికీ పక్కన సీటు దొరికింది. ధర్మవరం రైల్లో ఉన్న నిర్మలకు ఫోన్ కలిపాను.

"నిర్మలా, నీకొకటి చెప్పాలి. కానీ నువ్వు బాధపడకూడదు."

"నేనూ నీకు చేద్దామనే ఉన్నా అక్కా," అంది నిర్మల. గొంతులో సంబరం ఆగడం లేదు. "నువ్వూ బాధపడకూడదు మరి. పొయ్యి కాడ వదిన నాతో చెప్పింది. 'గ్యాసుదేముందే, ఎవురికైనా ఇస్తా. దేవుణ్ణి చూసేకి మాత్రం నువ్వే తోడుండాల' అనింది. పద్మక్కకు చెప్పొద్దు, కుళ్ళుకుంటాది అని కూడా అనింది."

రెండు రైళ్ళు రెండు దిక్కులకు పోతున్నాయి. ఇద్దరం ఒక్కసారే నవ్వాం. ఎదురు సీట్లో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన తల ఎత్తి, "ఏమ్మా, మంచి వార్తా?" అన్నాడు.

"మా వదిన మమ్మల్నిద్దర్నీ మోసం చేసిందప్పా," అన్నాను.

ఆయన తల ఊపి, కొన్ని కాయలు నా చేతిలో పోశాడు. నిర్మల ఇంకా ఫోన్లోనే ఉంది. వదినను ఎట్లా తిట్టాలో ఇద్దరం మాట్లాడుకుంటూ పోయాం, హిందూపురం వచ్చేదాకా.