కోట పడ్డాక కూడా సాగే ఆట

నా భార్య పోయి ఐదు వారాలైంది. గుడివాడ కాలేజీలో ఆమె దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

బందరు కోట ముట్టడి మీద ఆమె తయారుచేసిన ఆట మీలో చాలామంది ఆడారు. కోట లోపల ఫ్రెంచివాళ్ళు, బయట ఇంగ్లీషువాళ్ళు, ఊళ్ళో ఇళ్ళకి చింతగింజలు. మొదట్లో నియమం తేలిక. సాయానికి ఓడ వచ్చేదాకా కోట నిలిస్తే లోపలివాడు గెలిచినట్టు. పడితే బయటివాడు. ఇంట్లో ఆడినప్పుడు నేనెప్పుడూ లోపలివాణ్ణే.

పటాన్ని పెడనలో గుడ్డ మీద అద్దించింది. "తిప్పి చెక్కమంటారా అమ్మా?" అని అచ్చులు చెక్కే ఆయన అడిగాడట. "ఉన్నది ఉన్నట్టే చెక్కండి" అందట చరిత్ర మేడం. అద్దేసరికి పటమంతా తిరగబడింది. నేను కూర్చునే వైపు సముద్రం ఉండాల్సింది, ఊరొచ్చి పడింది.

"ఇంకో అచ్చు చేయిద్దాం," అన్నాను.

"ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ ఓడల కోసం అటే చూశారు. ఇప్పుడు ఊరు మీ ఒళ్ళో ఉంది, కాస్త దాన్ని చూడండి."

ఆ వారమే క్లాసులో ఒకమ్మాయి అడిగిందట: "మేడం, కోట పడగానే ఆట అయిపోయిందంటున్నారు. మరి ఊళ్ళోవాళ్ళకి మర్నాడు ఉండదా?" ఆమె ఇంటికొచ్చి నియమాలన్నీ కొట్టేసి మళ్ళీ రాసింది. ముట్టడి సాగినన్నాళ్ళూ వంతుకో చింతగింజ తీసెయ్యాలి. చివరికి సగం గింజలైనా మిగలకపోతే, కోట ఎవరిదైనా ఇద్దరూ ఓడినట్టే. లోపలివాడు మూడు షరతులు చెప్పి ఎప్పుడైనా తలుపు తీయొచ్చు. ఊరు సగమైనా మిగిలితే తీసినవాడిదే గెలుపు.

నేను ఒక్కసారీ తీయలేదు. "సార్, తీసెయ్యండి సార్, గింజలైపోతున్నాయ్!" అని పిల్లలు అరిచేవారు. "ఆయన తీయరర్రా. కోట గోడకి ఆకలెయ్యదు, అదే ఆయన ధైర్యం," అని ఆమె నవ్వేది.

నిరుడు క్యాన్సరని తెలిసింది. విజయవాడ ఆసుపత్రిలో మూడో మందు కూడా పనిచేయలేదు.

"ఇంటికెళ్దామండి," అంది.

"ఇంకో వారం చూద్దాం. కొత్త మందు తెప్పిస్తామన్నారు."

"ఓడ రాదండీ."

నేను మందుల చీటీ మళ్ళీ మొదటినుంచీ చదివాను.

"మూడు షరతులు చెప్తాను, రాసుకోండి. ఒకటి, బందరులో మనిల్లు. రెండు, ముక్కులో గొట్టం వద్దు. మూడు, మీరు వేళకి తినాలి."

రాసుకున్నాను. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆ గదికి తెరుచుకునే కిటికీ లేదు. తలుపు దగ్గర నా కుర్చీ. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంటి మాటెత్తితే వరండాలోకి తీసుకెళ్ళి గదమాయించేవాణ్ణి. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. లోపల ఉన్నది ఆమె అనీ, ముట్టడి వేసింది నేననీ తట్టలేదు.

ఆరో రోజు ఇంటికి తీసుకెళ్తానని ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టాను. రాత్రికి ఇల్లు చేరాం. మర్నాడు సాయంత్రం ఆమె పోయింది.

ఆమెకు మిగిలిన ఏడు రోజుల్లో ఆరు నేను తీసుకున్నాను. ఏ వైపు నుంచి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను. "చివరిదాకా పోరాడారు సార్" అని మీరు అభిమానంతోనే అంటున్నారు. దయచేసి అనకండి.

ఆ చివరి ఉదయం వీధిలో చేపలావిడ కేక వినబడింది.

"మెత్తళ్ళట. కొనండి," అంది.

"నువ్వు తినలేవుగా."

"మీరు తింటారుగా."

నాకు వేయించడం రాదు. నూనె ఎక్కువ పోశాను. పొయ్యి దగ్గర నిలబడ్డాక గదిలోంచి సన్నగా గొంతు వచ్చింది.

"మాడుతున్నాయి, తిప్పండి."

తిప్పాను.

"అన్నీ ఒకేసారి కాదు. విరుగుతాయి."

వంటింటి కిటికీలోంచి పొగ వీధిలోకి పోతోంది. పక్కింటి పిల్లి గోడెక్కి కూర్చుంది. వేలెడంత చేపలు. ఒక్కొక్కటే తిప్పుతూ, గదిలోంచి ఇంకో మాట వస్తుందేమోనని మంట తగ్గించాను.